తలుపు ఎవరు మూశారు: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన మిత్రునికి,

మీ ఉత్తరమూ, దానితో జతచేసిన కథా అందాయి. తీరిక చేసుకుని, నిదానంగా చదివాను. మొదటి కథకే ఇల్లు లేని మనిషిని ఎంచుకోవడం మంచి సంకల్పం. కాలిబాట మీద పడుకున్న ఒక ముసలాయన దగ్గర మీ చూపు ఆగింది. ఆ ఆగడాన్ని నేను గౌరవిస్తున్నాను. అందుకే ఈ ఉత్తరంలో మెచ్చుకోలు తక్కువగానూ, మీ పనికి అక్కరకు వచ్చే మాట ఎక్కువగానూ ఉంటుంది. నొచ్చుకోరని నమ్ముతున్నాను.

మీ కథలో వంతెన కింద ఒక వృద్ధుడు ఉంటాడు. ఆఫీసుకు వెళ్లే యువకుడు రోజూ అతన్ని చూస్తుంటాడు. వాన కురిసిన ఒక సాయంత్రం ఇద్దరూ మాట్లాడుకుంటారు. డబ్బు గురించి, మనుషుల గురించి వృద్ధుడు చెప్పిన లోతైన మాటలకు యువకుడి మనసు మారుతుంది. చలికాలం వచ్చేసరికి వృద్ధుడు చనిపోతాడు. వాక్యాలు బాగున్నాయి, వాన వర్ణన మరీ బాగుంది. అయితే కథ ముగిసేసరికి యువకుడి గురించి నాకు అన్నీ తెలిశాయి: అతని జీతం, అతని ప్రేమ, తండ్రితో అతనికున్న పేచీ. వృద్ధుడి గురించి మాత్రం ఇల్లు లేదన్న ఒక్క సంగతే తెలిసింది. ఎప్పటినుంచి లేదు? అంతకుముందు ఎక్కడ ఉండేవాడు? ఆ ఇంటి తలుపు ఎవరు మూశారు? ఈ ప్రశ్నలు కథలోని యువకుడు అడగలేదు, అతన్ని సృష్టించిన మీరూ అడగలేదు.

ఇది మీ ఒక్కరి అలవాటు అనుకోకండి. ఇల్లు లేకపోవడాన్ని కథలూ సినిమాలూ బొమ్మలూ చాలాకాలంగా మనిషి గుణంగా చూపిస్తూ వచ్చాయి. ఒకరు పొడుగ్గా ఉంటారు, ఒకరు కోపిష్టిగా ఉంటారు, ఒకరు ఇల్లు లేకుండా ఉంటారు అన్నట్టుగా. వాస్తవంలో అది ఒక మనిషికి ఒక తేదీన జరిగిన సంగతి. దానికి ముందొక రోజు ఉంది, తరువాతొక రోజు ఉంది. అందులో వేరే మనుషులు కూడా ఉన్నారు: అద్దె పెంచిన యజమాని, రావలసిన కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ, ఇక మా ఇంట్లో కుదరదన్న బావమరిది, ఆసుపత్రి నుంచి పంపించేస్తూ ఇప్పుడు ఎక్కడికి వెళ్తావని అడగని గుమాస్తా. నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. ఇల్లు లేకపోవడాన్ని జరిగినదిగా రాయండి, ఇంకా జరుగుతున్నదిగా రాయండి. అప్పుడు మిగతావి చాలా వరకు వాటంతటవే సర్దుకుంటాయి.

జనం మనసులో నిలిచిపోయిన బొమ్మల్ని ముందు గుర్తుపట్టాలి. అన్నిటికంటే ప్రసిద్ధమైనది చార్లీ చాప్లిన్ దేశదిమ్మరి. 1914లో తెరమీదికి వచ్చిన ఆ బిగుతు కోటు, వదులు ప్యాంటు, చేతికర్ర ప్రపంచమంతా తెలుసు. ఆ వేషం వెనకనున్న ఆకలి మాత్రం చాప్లిన్ ఊహించి రాసుకున్నది కాదు. ఏడేళ్ల వయసులో తల్లితోనూ అన్నతోనూ కలిసి లండన్‌లో దిక్కులేని పేదలను ఉంచే ల్యాంబెత్ వర్క్‌హౌస్‌లో చేరవలసి వచ్చిన పిల్లవాడు అతను. అందుకే అతని సినిమాల్లో నవ్వు ఎప్పుడూ ఏదో ఒక అవసరాన్ని పట్టుకుని పుడుతుంది. 1921 నాటి 'ది కిడ్'లో అతను కాఫీ కూజాను తాడుతో వేలాడదీసి పసివాడికి పాలసీసాగా మారుస్తాడు. తరువాత ఇద్దరూ ఉన్న గది కూడా పోయి, రాత్రి బసకు ఒక్కడికే డబ్బు కట్టి, పిల్లవాణ్ణి దుప్పటి కింద దాస్తాడు. ఆ దుప్పటి కింద ఎంత లెక్క ఉందో గమనించండి: ఎన్ని నాణేలున్నాయి, మంచం ధర ఎంత, కాపలావాడు ఎప్పుడు వస్తాడు. చాప్లిన్‌ను అనుకరించినవారు చాలామంది ఆ నడకను తీసుకున్నారు, ఆ స్వేచ్ఛను తీసుకున్నారు, ఆ లెక్కను వదిలేశారు. అక్కడినుంచే బాధ్యతలు లేని హాయైన సంచారి అనే అబద్ధం పాటల్లోకీ ప్రకటనల్లోకీ ఎక్కింది.

రెండవ బొమ్మ మీ కథలోనిదే, జ్ఞాని. చిరిగిన బట్టల్లో ఉన్నవాడి నోటినుంచి సత్యం పలుకుతుందనే నమ్మకం చాలా పాతది, వినడానికి అందమైనది కూడా. కాని ఆ పాత్ర చేసే పనేమిటో చూడండి. ఇల్లున్నవాడి కథలోకి వస్తాడు, ఇల్లున్నవాడి మనసు బాగుచేస్తాడు, చనిపోయి తప్పుకుంటాడు. ఆకలితో ఉన్న మనిషి మన ఆత్మశుద్ధి కోసం ఉపన్యాసం ఇవ్వడానికి పుట్టలేదు. అతనికి చిరాకు ఉంటుంది, అబద్ధాలు ఉంటాయి, నచ్చని తిండి ఉంటుంది, పక్కవాడి గురకతో నిద్రపట్టని రాత్రులు ఉంటాయి. ఇవేవీ ఇవ్వకుండా వేదాంతం మాత్రమే ఇస్తే అతన్ని గౌరవించినట్టు కనిపిస్తుంది గాని, అతని మనిషితనాన్ని తీసేసినట్టే అవుతుంది.

నేర కథల్లో చెత్తకుండీ దగ్గర శవమై దొరికేవాడు, నగరం పాడైపోయిందని చూపడానికి తెర అంచున తూలుతూ నడిచేవాడు కూడా ఉన్నారు. వాటి గురించి ఎక్కువ చెప్పను. మీరు అటువైపు వెళ్లరు.

విజయగాథ గురించి మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే దాని ఆకర్షణ నిజాయితీపరులను కూడా లాగుతుంది. 2006లో వచ్చిన 'ది పర్‌సూట్ ఆఫ్ హ్యాపీనెస్' సినిమాలో ఒక తండ్రి కొడుకుతో సబ్‌వే స్టేషన్ మరుగుదొడ్డిలో రాత్రి గడుపుతాడు, చివరికి షేర్ బ్రోకర్ ఉద్యోగం సంపాదిస్తాడు. క్రిస్ గార్డ్‌నర్ అనే వాస్తవ వ్యక్తి జీవితం దానికి ఆధారం. ఆ సినిమాలో నాకు విలువైనదిగా తోచింది ముగింపు కాదు, ఇల్లు లేనివారికి రాత్రి బస ఇచ్చే షెల్టర్ ముందు క్యూ. సాయంత్రం వేళకు ఆ వరసలో నిలబడకపోతే ఆ రాత్రికి మంచం లేదు. మంచం కావాలంటే శిక్షణలో ఉన్న ఉద్యోగం దగ్గర పని ముగించుకుని పరుగెత్తాలి. ఇల్లు లేనివాడు పనిచేస్తూనే ఉండవచ్చునని, షెల్టర్ వేళలే అతని పనికి అడ్డుపడవచ్చునని ఆ పరుగు చెబుతుంది. ముగింపు మరో మాట చెబుతుంది: గట్టిగా ప్రయత్నించినవాడు బయటపడ్డాడు అని. ఆ క్యూలో వెనక నిలబడ్డవారు ప్రయత్నించలేదా అనే ప్రశ్న వెలుతురులో కరిగిపోతుంది. ఒకడు గెలిచిన కథ రాయడంలో తప్పు లేదు. అతని వెనకవాళ్లు ఎందుకు లోపలికి రాలేదో, మంచాలు ఎన్ని ఉన్నాయో కథకు తెలిసి ఉండాలి, అంతే.

ఇక జరిగినదిగా రాయడమంటే ఏమిటో చెబుతాను. 1933లో వెలువడిన 'డౌన్ అండ్ అవుట్ ఇన్ ప్యారిస్ అండ్ లండన్'లో ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ ఒక చిన్న ప్రశ్న వేసుకుంటాడు: దేశదిమ్మరులు ఎందుకు తిరుగుతారు? వాళ్ల రక్తంలోనే తిరుగుడు ఉందని అప్పటి పెద్దమనుషులు అనుకునేవారు. ఆర్వెల్ వాళ్లతో కలిసి పడుకున్నాడు కాబట్టి జవాబు అతనికి దొరికింది. ఆనాటి ఇంగ్లండులో దిక్కులేనివాడికి తలదాచుకోవడానికి ఉన్నది ఒక రాత్రికి చోటిచ్చే ప్రభుత్వ క్యాజువల్ వార్డు ఒక్కటే. అదే వార్డుకు నెలలోపు మళ్లీ వెళ్లడానికి వీల్లేదు. కాబట్టి ఈ రాత్రి ఇక్కడ, రేపు రాత్రి మైళ్ల దూరంలో ఇంకోచోట. మనిషి స్వభావం అని అందరూ నమ్మినది ఒక నిబంధన చేసిన పని. ఆ ఒక్క పేరా ఆ పుస్తకంలోని దైన్యపు వర్ణనలన్నిటికంటే బలమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే అది చదివాక రోడ్డు మీద నడిచే మనిషి వెనక ఒక కాగితం, దాని మీద ఒక సంతకం కనిపించడం మొదలవుతుంది.

ఆర్వెల్ కంటే ఎనభై ఏళ్ల ముందే ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ దీన్ని ఒక పాత్రలో పెట్టాడు. 1852, 1853 సంవత్సరాల్లో భాగాలుగా వచ్చిన 'బ్లీక్ హౌస్'లో జో అనే కుర్రవాడు వీధి కూడలి ఊడ్చి బతుకుతాడు. ఆ కుర్రవాణ్ణి పోలీసు ఎక్కడ కనిపిస్తే అక్కడినుంచి కదలమంటాడు. ఎక్కడికి కదలాలని జో అడిగితే దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. కదలమనడం మాత్రమే పోలీసుకు అప్పగించిన పని. జో చనిపోయినప్పుడు రచయిత కథను ఆపి, రాణిగారినీ ప్రభువులనూ సంబోధిస్తాడు. ఈ రోజుల్లో అలా నేరుగా పిలవడం మీకు పాతకాలపు పద్ధతిగా తోచవచ్చు. నాకు మాత్రం అది సహజమనిపిస్తుంది. అన్ని పేజీలపాటు కదలమన్నది ఎవరో చూపిన తరువాత, వాళ్ల పేరెత్తి పిలిచే హక్కు ఆ రచయితకు ఉంది.

మన భాషలో ఆ పని ఎంతో క్లుప్తంగా చేసిన కవిత శ్రీశ్రీ 'భిక్షువర్షీయసి'. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం'లో అది ఉంది. దారిపక్కన చెట్టు కింద కూర్చున్న ముసలవ్వను కవి చూపిస్తాడు, ఆమె చేత ఒక్క నీతివాక్యమైనా పలికించడు. ఆమె చనిపోతే ఆ పాపం ఎవరిదని గాలి అడుగుతుంది. కుక్క ఏమీ అనదు. ఎంగిలాకు ఎగిరివచ్చి తనది కాదంటుంది. జాలి కలిగించే పద్యాలు తెలుగులో చాలా ఉన్నాయి. ఈ పద్యం జాలి దగ్గర ఆగకుండా పాపం ఎవరిదనే లెక్క అడుగుతుంది కాబట్టే ఇన్నేళ్లుగా నిలిచి ఉంది.

నాటక రూపంలో ఈ లెక్కను అడుగడుగునా చూపినది 1966 నవంబరులో బీబీసీలో ప్రసారమైన 'క్యాథీ కమ్ హోమ్'. రచన జెరమీ శాండ్‌ఫర్డ్, దర్శకత్వం కెన్ లోచ్. కథ మొదట్లో క్యాథీకి ఏ లోటూ లేదు. పెళ్లయింది, కొత్త ఫ్లాటు ఉంది, భర్త రెజ్ లారీ నడుపుతాడు. అతనికి ప్రమాదం జరిగి సంపాదన పోతుంది. ఆ ఫ్లాటు నిలబెట్టుకోలేరు. అత్తగారి ఇంట్లో ఇరుకుగా సర్దుకుంటారు, అక్కడా కుదరదు. ఇంకో అద్దె ఇల్లు, దాన్నుంచి ఖాళీ చేయించడం, తరువాత చక్రాల బండిలో కాపురం, చివరికి భర్తలను ఉండనివ్వని హాస్టలు. ఆ హాస్టలు గడువు కూడా అయిపోయాక, రైల్వే స్టేషనులో అధికారులు పిల్లలను ఆమె చేతుల్లోంచి తీసుకుపోతారు. చాలా మెట్ల దగ్గర ఒక మనిషి ఉంటాడు, అతనికి ఒక నియమం ఉంటుంది, అతని వాదనలో కొంత న్యాయం కూడా ఉంటుంది. ఏ ఒక్క క్రూరుడి పనీ కాకుండానే ఒక కుటుంబం వీధిలో పడుతుంది. దాదాపు కోటీ ఇరవై లక్షల మంది ఆ నాటకాన్ని చూశారు. ఇళ్లులేనివారి కోసం పనిచేసే 'షెల్టర్' అనే సంస్థ విడిగా జరిగిన సన్నాహాలతో కొద్ది రోజులకే మొదలైంది. ఆ నాటకం రేపిన కలత దానికి ఊపిరి పోసింది. మీరు ఆ నాటకాన్ని చూస్తే, క్యాథీ వీధిలో పడిన తరువాతి భాగం ఎంత తక్కువో, అక్కడికి చేరే దారి ఎంత పొడవో గమనించండి. మన కథల్లో చాలావాటికి ఈ కొలత తారుమారైంది.

ఇంకొక సంగతి. ఇల్లు లేనివాడు అనగానే బెంచీ మీద ముడుచుకుని పడుకున్న ఒంటరి పురుషుడే కళ్లముందు మెదలడం బొమ్మల చలవే. అమెరికాలో 2024 జనవరిలో ఒకే రాత్రి జరిపిన లెక్కలో ఇల్లు లేనివారు 7,71,480 మంది తేలారు. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది షెల్టర్లలో ఉన్నారు. పిల్లలు దాదాపు లక్షన్నర మంది. ఆ లెక్కలో కూడా బంధువుల గదిలో మూలన సర్దుకుంటున్నవారు, స్నేహితుల సోఫా మీద వారానికో చోట పడుకుంటున్నవారు లేరు. భారతదేశంలో 2011 జనగణనలో ఒక ఫిబ్రవరి రాత్రి కాలిబాటల మీద, వంతెనల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో ఉన్నవారిని లెక్కిస్తే దాదాపు 17.7 లక్షల మంది అయ్యారు. ఆ రాత్రి గణకుల కంట పడనివారి కథ కూడా ఎవరో ఒకరు రాయాలి. చెల్లెలి ఇంట్లో అందరూ పడుకున్నాక గాని పక్క పరుచుకోలేని ఒక స్త్రీ, అందరికంటే ముందు లేచి తాను అక్కడ పడుకున్న గుర్తే లేకుండా చేయడం, వంటగదిలో అవసరానికి మించి పనిచేయడం: ఇదంతా నిరాశ్రయత కథే, ఇందులో ఒక్క కాలిబాట కూడా లేకపోయినా.

తాగుడు, పిచ్చి, సోమరితనం అనే మూడు కారణాలతో కథ నడిపించే రచయితలు ఒక పరిశోధనను తెలుసుకోవాలి. గ్రెగ్ కోల్‌బర్న్, క్లేటన్ ఆల్డర్న్ 2022లో ప్రచురించిన పుస్తకంలో అమెరికా నగరాలను పోల్చి చూశారు. ఇల్లు లేనివారి సంఖ్య ఎక్కడ ఎక్కువో చూస్తే, అక్కడ మత్తు అలవాట్లు గాని పేదరికం గాని మిగతాచోట్లకంటే ఎక్కువగా లేవు. అద్దెలు ఎక్కువగా, ఖాళీ ఇళ్లు తక్కువగా ఉన్నాయి. ఒక మనిషి తాగుడు అతని జీవితంలో నిజమే కావచ్చు, కథలో దాన్ని దాచనక్కరలేదు. అయితే అద్దె తక్కువగా ఉన్న ఊళ్లో అదే తాగుబోతు ఒక గదిలో పడుకుని తాగుతాడు. కొందరు వీధిలో పడ్డాకే, ఆ చలిని, ఆ భయాన్ని తట్టుకోవడానికి తాగడం మొదలుపెడతారు. ఏది ముందో ఏది వెనకో తెలుసుకోకుండా పాత్ర చేతిలో సీసా పెట్టకండి.

ఇప్పుడు మీ కథలో నాకు అన్నిటికంటే కొరతగా తోచిన విషయానికి వస్తాను. మీ వృద్ధుడు ఏ పనీ చేయడు. కూర్చుంటాడు, చూస్తాడు, మాట్లాడతాడు. ఇల్లు లేని మనిషికి అంత తీరిక ఉండదు. మూసి ఉన్న ఒక బ్యాంకు మెట్ల మీద పడుకునే ఒకామెను నేను చాలాకాలం గమనించాను, తరువాత పరిచయం కూడా అయింది. ఆమె సంచి పట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టి పడుకునేది. చెప్పులు గుడ్డలో చుట్టి తలకింద పెట్టుకునేది, కాళ్లకు ఉంచుకుంటే లాగేస్తారని. భర్త మరణ ధ్రువపత్రం, పాత అద్దె రసీదులు ఒకదాని మీద ఒకటి రెండు ప్లాస్టిక్ కవర్లలో దుస్తుల లోపల ఉండేవి. తెల్లవారకముందే లేచి మెట్లన్నీ ఊడ్చేది. కాపలాదారు ఫిర్యాదు చేయడానికి కారణం మిగలకూడదు. పక్కగా పరుచుకున్న అట్టముక్కను ట్రాన్స్‌ఫార్మర్ వెనక దాచేది, చెత్తబండి వాళ్లు తీసుకుపోతే సాయంత్రం మళ్లీ వెతుక్కోవాలి. జనం పెరగకముందే మరుగుదొడ్డికి వెళ్లి, అక్కడే ఉతికిన జాకెట్టును తడిగానే తొడుక్కుని, గిన్నెలు కడిగే పనికి వెళ్లేది. రాత్రికంటే మధ్యాహ్నమే కష్టమని ఆమె నాతో అంది. పని ముగిశాక ఎక్కడైనా కాసేపు కూర్చుంటే ఎవరో ఒకరి చూపు పడుతుంది, మళ్లీ లేవాలి. మధ్యలో ఇనుప చేతులు బిగించిన బెంచీలు ఎందుకు ఉంటాయో నాకు ఆమె చెప్పేదాకా తెలియదు. కూర్చోవచ్చు, ఒరగడానికి వీల్లేదు. ఇంత శ్రమ చేసే మనిషిని కథలో ఊరికే కూర్చోబెడితే, సోమరి అనే పాత నిందకు తెలియకుండానే సాక్ష్యం ఇచ్చినవాళ్లమవుతాం.

చూడడం గురించి కూడా కొంత చెప్పాలి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోతకు వచ్చిన వలస కూలీల గుడారాల్లో డొరోతియా లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ ఒక తల్లిని ఫొటో తీసింది. మొహం తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో పసిబిడ్డ, చెంపకు ఆనించిన చేయి. ఆ బొమ్మ ఒక కాలానికే గుర్తుగా నిలిచింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి 1978లో గాని తెలియలేదు. ఆ ఫొటో తీయకపోయి ఉంటే బాగుండేదని, దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె చెప్పుకుంది. తిండి కోసం కారు టైర్లు అమ్మేశారని లాంగ్ రాసిన వివరం నిజం కాదని కూడా ఆ కుటుంబం అంది. లాంగ్ మంచి మనసుతోనే తీసింది, ఆ ఫొటో పత్రికలో వచ్చాక ఆ శిబిరానికి ఆహారం పంపారు కూడా. అయినా నలభై ఏళ్లకు పైగా ఆమె ముఖం అందరిదీ అయింది, ఆమె మాట మాత్రం ఎవరికీ అందలేదు. ఈ సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది, ఎందుకంటే రచయితలం మనం ఫొటో తీయం గాని, పేరు అడగకుండా ముఖం తీసుకోవడం మనకూ బాగా అలవాటే.

ఈ కలవరంతోనే మార్థా రోస్లర్ అనే కళాకారిణి 1974, 75లో న్యూయార్క్‌లోని బౌరీ వీధిని ఫొటోలు తీసింది. ఇల్లు లేనివారికీ తాగుబోతులకీ పేరుపడిన వీధి అది. ఆమె ఫొటోల్లో మనుషులు లేరు. మూసిన దుకాణాల గడపలు, ఖాళీ సీసాలు మాత్రమే ఉన్నాయి. పక్కన తాగిన మత్తును వర్ణించే మాటలు టైపు చేసి ఉంటాయి. ఫొటో గాని, మాట గాని ఆ బతుకును పట్టలేవని ఆమె తన కృతికి పెట్టిన పేరులోనే ఒప్పుకుంది. అలాగని మీరూ మనిషిని తీసేయాలని నేను అనను. కథకు మనిషి కావాలి. మనిషిని చూపే ముందు అతని గడపను, వస్తువును, వేళను చూపగలరేమో ఒకసారి ప్రయత్నించండి.

నేను ఇంతసేపు కారణాలు వెతకమన్నాను. దాన్ని అతిగా పట్టుకుంటే కథ దరఖాస్తు ఫారంలా తయారవుతుంది. 1985లో వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొందిన ఫ్రెంచ్ దర్శకురాలు ఏన్యెస్ వార్దా సినిమా ఒకటి ఉంది. ఇంగ్లీషులో 'వాగబాండ్' అంటారు. చలికి గడ్డకట్టి గోతిలో పడివున్న మోనా అనే యువతి శవంతో అది మొదలవుతుంది. ఆమెను దారిలో కలిసినవాళ్లు ఒక్కొక్కరుగా ఆమె గురించి చెబుతారు. ఒకరికి ఆమె మురికి, ఒకరికి అసూయ కలిగించే స్వేచ్ఛ, ఒకరికి పశ్చాత్తాపం. వాళ్లు చెప్పేది వింటుంటే వాళ్ల గురించే మనకు ఎక్కువ తెలుస్తుంది. మోనా ఎందుకిలా అయిందో వార్దా వివరించదు, ఆమెను మంచిపిల్లగా తీర్చిదిద్దదు, మన సానుభూతిని అడుక్కోదు. ఎవరెవరు ఆమెకు ఒక్కో తలుపు తెరిచి మళ్లీ మూశారో మాత్రం కచ్చితంగా చూపిస్తుంది. మనిషి లోపలిది తెలియకపోయినా ఫరవాలేదు, ఆమెకు జరిగినది తెలిస్తే చాలునన్న ఆ పద్ధతి మీకు ఉపయోగపడుతుంది.

వీలైతే ఇల్లు లేకుండా బతికినవారు స్వయంగా రాసినవి ముందు చదవండి. లార్స్ ఐగ్నర్ తన కుక్క లిజ్‌బెత్‌తో వీధుల్లో గడిపిన కాలాన్ని గురించి 1993లో పుస్తకం ప్రచురించాడు. చెత్తకుండీల్లో దొరికే ఆహారంలో ఏది తినదగినది, ఏది కాదు, ఏ కాలంలో ఏది దొరుకుతుంది అన్నది అతను పనితనం తెలిసిన మనిషి గొంతుతో వివరిస్తాడు. బయటినుంచి చూసి రాసే మనకు ఆ గొంతు రాదు. మనం దాన్ని అరువు తెచ్చుకోకూడదు కూడా. అయితే అది ఎలా ఉంటుందో తెలిసి ఉంటే, మన పాత్ర చేత దీనంగా మాట్లాడించే ముందు కలం ఆగుతుంది.

చివరిగా పద్ధతి గురించి. అలెగ్జాండర్ మాస్టర్స్ అనే రచయిత, స్టువర్ట్ షార్టర్ అనే ఇల్లు లేని వ్యక్తి జీవితకథను రాయడానికి పూనుకుని, మొదటి ప్రతిని అతనికే చదవడానికి ఇచ్చాడు. విసుగ్గా ఉందన్నాడు స్టువర్ట్. నేర పరిశోధన కథలా వెనక నుంచి ముందుకు చెప్పమని, తన చిన్నతనాన్ని చంపినదేమిటో పాఠకుడు వెతుక్కుంటూ పోవాలని అతనే సూచించాడు. 2005లో వచ్చిన 'స్టువర్ట్: ఎ లైఫ్ బ్యాక్‌వర్డ్స్' ఆ సూచన ప్రకారమే నడుస్తుంది. అప్పటికి స్టువర్ట్ రైలు కింద పడి మరణించి మూడేళ్లయింది. ఆ పుస్తకం నిర్మాణం ఇల్లు లేని మనిషి ఇచ్చినది. అతన్ని సమాచారం ఇచ్చేవాడిగా మాత్రమే చూసి ఉంటే ఆ పుస్తకం అలా పుట్టేది కాదు.

మీరు చూసిన ఆ ముసలాయన ఇంకా అక్కడే ఉంటే వెళ్లి మాట్లాడండి. ఆయన సమయానికి డబ్బు ఇవ్వండి. పొలంలోనో ఆఫీసులోనో ఒకరి పూట తీసుకుంటే ఎలా ఇస్తామో అలాగే, దానంగా కాకుండా. మీరు రచయితనని, ఆయన చెప్పినది కథ కావచ్చునని మొదటే చెప్పండి. ఆయన నిరాకరిస్తే ఆ రోజుకు తిరిగి వచ్చేయండి, ఆయన రూపాన్ని కథలో వాడకండి. ఒప్పుకుంటే మాత్రం తత్వం అడగకండి. ఎక్కడెక్కడ ఎన్నాళ్లు ఉన్నారో, ఒక్కోచోటు నుంచి ఎందుకు కదలవలసి వచ్చిందో, ఆ రోజు ఎదురుగా నిలబడినది ఎవరో అడగండి. ఆయన వయసును బట్టి, ఆయన అలసటను బట్టి ఒకే పూటలో అన్నీ రావు. రాసినది ఆయనకు చదివి వినిపించండి. పేరు, ఊరు, ఆనవాలు మార్చండి. ఇది కాదు, ఇలా జరగలేదు అని ఆయన అన్నచోట మీ వాక్యం ఎంత అందంగా ఉన్నా కొట్టేయండి. తిరగరాసిన ప్రతి ఎప్పటికి తయారైనా నాకు పంపండి, చదివి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి